మూడో పేజీ

"సంతకం తెలుగులోనో ఇంగ్లీషులోనో పెట్టాలండీ. ఇలా గీతలు గీస్తే మా ఆఫీసులో ఒప్పుకోరు."

సాయిప్రియ ఆ మాట అనగానే లాల్‌దర్వాజా సందులోని ఆ చిన్న దుకాణంలో ముగ్గురు ఒకేసారి తలెత్తారు. కాగితం ముందు కూర్చున్న ముసలాయన, మూలన వెదురు బద్దలు చీలుస్తున్న ఇంకో ముసలాయన, కూలర్ మోటారు విప్పుకుని కూర్చున్న కుర్రవాడు.

"గీతలా?" అన్నాడు కుర్రవాడు, చేతిలోని స్పానర్ కింద పెట్టి. "మేడం, అది మా తాత పేరు. వైకుంఠం అని ఉర్దూల రాసిండు. కుడిదిక్కు నుంచి సూడుండ్రి, పేరు కనిపిస్తది."

"నాకు ఉర్దూ చదవడం రాదండీ."

"మా తాతకు తెలుగు సదువుడు రాదు. ఇద్దరిదీ బరాబర్ అయింది."

"ఏయ్ ప్రేమ్, లొల్లి బంద్ జెయ్" అన్నాడు వైకుంఠం. "బిడ్డ వానల తడిసొచ్చింది. ముందుగాల తువ్వాల ఇయ్యి. వాహెద్ భాయ్, కుండల నీళ్ళు ముంచు."

ప్రేమ్‌రాజ్ తువ్వాలు ఇచ్చాడు. అబ్దుల్ వాహెద్ గ్లాసు నీళ్ళు ఇచ్చాడు. సాయిప్రియ ఒక గుక్క తాగి ఆగింది. నీళ్ళలో ఏదో వాసన. తొలకరి పడ్డ నేల వాసన, దానికి కొంచెం తీపి తగిలించినట్టు.

"వట్టివేళ్ళు బేటీ" అన్నాడు వాహెద్. "కుండలో వేస్తం. మా దందానే అది కదా."

వాళ్ళది వట్టివేళ్ళ తడికల దుకాణం. వేళ్ళు తెచ్చేది వైకుంఠం, తడిక అల్లేది వాహెద్. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే ఉర్దూ మీడియం బడిలో, ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. ఇప్పటికీ ఒకే ఉర్దూ పేపరు తెప్పించుకుని, ముందు నేనంటే ముందు నేనని తగువు పడతారు. తాత దగ్గరే పెరిగిన ప్రేమ్‌రాజ్ బీకాం చదివి, ఫలక్‌నుమాలో కూలర్ల రిపేరు షాపు పెట్టుకున్నాడు. వానాకాలం అక్కడ పని ఉండదు. అందుకని ఇక్కడ కూర్చుంటాడు.

సాయిప్రియది నేల సంరక్షణ ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం. భూమి ఊళ్ళో ఉండి మనిషి సిటీలో ఉండే పట్టాదార్ల జాబితా ఆమె చేతికిచ్చారు. కందుకూరు అవతల వైకుంఠానికి మూడెకరాల చెల్క ఉంది. ఏటవాలు మెట్టనేల. వాన పడితే ఎర్రమట్టి అంతా వాగులోకి జారిపోయేది. మూడేళ్ళ కిందట ఆయన గట్ల పొడుగునా వట్టివేళ్ళ గడ్డి నాటాడు. అటు మట్టి ఆగుతుంది, ఇటు దుకాణానికి వేళ్ళు దొరుకుతాయి. ఇప్పుడు అలా గడ్డి పెంచి మట్టిని కాపాడే పట్టాదార్లకు ప్రభుత్వం ఐదేళ్ళపాటు మీటరుకు ఇంత అని ఇస్తోంది. దానికే ఈ ఒప్పందం కాగితాలు.

"పైసల సంగతి పక్కకు పెట్టు బిడ్డా" అన్నాడు వైకుంఠం. "చుట్టూ ఉన్న చెల్కలన్నీ ప్లాట్లయినయ్. రంగు రాళ్ళు పాతిండ్రు. మా అన్న కొడుకులు రోజూ ఫోన్ చేసి, అమ్మేద్దాం కాకా అంటరు. ఈ కాగితం మీద సంతకం పెడితే?"

"ఐదేళ్ళు ప్లాట్లు చెయ్యడానికి వీల్లేదు తాతగారూ. ఒప్పందం రద్దయితే తప్ప."

"గంతే చాలు. ఐదేండ్లు వాళ్ళ నోరు మూతపడుతది. ఆ చెల్కల మా అయ్య నాగలి పట్టిండు బిడ్డా. దాని మీద రంగు రాయి నేను చూడలేను."

ఆ మాటకు సాయిప్రియ ఆయన పట్టాదారు పాసు పుస్తకం తీసి చూసింది. అందులోనూ అవే గీతలు. కాదు, అదే సంతకం. పొరపాటుకు ఆమె చెవులు వేడెక్కాయి.

"సారీ తాతగారూ. ఇది చెల్లుతుంది."

"చూసిన్రా, కుడిదిక్కు నుంచి చూస్తే అన్నీ చెల్లుతయ్" అన్నాడు ప్రేమ్‌రాజ్.

"మీకు తెలుగు చదవడం వచ్చు కదా?"

"బీకాం పాసైన మేడం."

"అయితే ఒక్కో పేజీ తాతగారికి చదివి వినిపించండి. విన్నాక ఆయన ఆ పేజీ మీద సంతకం పెట్టాలి. చివర్లో, చదివి వినిపించానని మీరు పెట్టాలి."

ప్రేమ్‌రాజ్ గొంతు సవరించుకున్నాడు. మొదటి పేజీ చదివాడు. గొంతు బాగుంది. ప్రభుత్వ భాష కూడా ఆ గొంతులో కాస్త మెత్తబడింది. వైకుంఠం సంతకం పెట్టాడు. రెండో పేజీ చదివాడు. సంతకం పడింది.

అప్పుడు బయట వాన జోరందుకుంది. జల్లు లోపలికి కొట్టింది. సాయిప్రియ కళ్ళద్దాలు తీసి చున్నీ కొసతో తుడుచుకుంటూ, అద్దాలు లేని కళ్ళను చిట్లించి ఎదురుగా ఏముందో పోల్చుకోవడానికి చూసింది. ఎదురుగా ఉన్నది ప్రేమ్‌రాజ్. ఆమెకు అతను మసకగా కనిపించి ఉంటాడు. అతనికి మాత్రం ఆమె చాలా స్పష్టంగా కనిపించింది.

కాగితాలు తిరిగాయి. చదవడం సాగింది. సంతకాలు అయ్యాయి. చివర్లో ప్రేమ్‌రాజ్ కూడా పెట్టాడు, తెలుగులో, ఎడమ నుంచి కుడికి.

*

ఒప్పందం ప్రకారం నెలనెలా గట్ల ఫొటోలు పంపాలి. మొదటి ఫొటో జులైలో వచ్చింది. చూసి సాయిప్రియ ఫోన్ చేసింది.

"గడ్డి ఫొటో పంపమంటే మీ ఫొటో పంపారేంటండీ?"

"గడ్డి ఎంత ఎత్తు పెరిగిందో మీకు తెల్వాలె కదా మేడం. స్కేల్ లెక్క పక్కన నిలవడ్డ."

"స్కేలు నవ్వక్కర్లేదు."

ఆగస్టు ఫొటోలో స్కేలు నవ్వలేదు. పాస్‌పోర్టు ఫొటోకి నిలబడ్డట్టు బిగుసుకుని ఉంది. సాయిప్రియ ఆఫీసులో పైకే నవ్వేసింది. పక్క సీట్లోని రశ్మి తొంగి చూసి, "ఎవరే ఆ రైతు?" అంది.

"పట్టాదారు మనవడు."

"పట్టా నీ పేర మారేట్టుంది చూసుకో."

దసరా ముందు మొదటి విడత సొమ్ము పడింది. వైకుంఠం తన అన్న కొడుకులకు ఫోన్ చేసి, సర్కారే నా గడ్డికి పైసలు ఇస్తున్నది పొండిరా అన్నాడట. ఆ సంగతి ప్రేమ్‌రాజ్ చెప్పాడు. జనవరిలో తనిఖీకి వెళ్ళినప్పుడు సాయిప్రియ టేపు ఒక కొస పట్టుకుంటే రెండో కొస అతను పట్టుకున్నాడు. నాలుగు వందల మీటర్ల గట్టు కొలవడానికి గంట చాలు. వాళ్ళకు సాయంత్రం పట్టింది.

ఏప్రిల్లో ఒక రోజు ఫోన్లో ఆమె గొంతు నీరసంగా ఉంది.

"ఏమైంది మేడం? తిన్నరా?"

"ఉప్పుగూడలో మాది మేడమీద రేకుల ఇల్లండీ. మధ్యాహ్నం పెనం మీద ఉన్నట్టుంటుంది. అమ్మ నెత్తిన తడిగుడ్డ వేసుకుని కూర్చుంటోంది."

"కూలర్ లేదా?"

"ఉంది. వేడిగాలి కొడుతుంది."

"కూలర్ మెకానిక్ దోస్తు ఉండంగ గీ మాట చెప్పనీకి ఏప్రిల్ దాక ఆగిండ్రా?"

దోస్తు అన్న మాటను ఇద్దరూ విన్నారు. ఇద్దరూ విననట్టే ఊరుకున్నారు.

పది రోజుల తరవాత ఆదివారం ఉదయం ఉప్పుగూడ ఇంటి ముందు ఆటో ఆగింది. ఆటోలోంచి ముందు ఒక పెద్ద తడిక వచ్చింది, దాని వెనక ప్రేమ్‌రాజ్ వచ్చాడు.

సాయిప్రియ తల్లి కోటేశ్వరమ్మ గుమ్మంలో నిలబడి ఎగాదిగా చూసింది. "ఇదేంటి బాబూ, చాపా, తలుపా?"

"వట్టివేళ్ళ తడికమ్మా. పడమటి కిటికీకి కడుత. పూటకు రెండుసార్లు నీళ్ళు చల్లుండ్రి, చాలు."

కట్టాడు. నీళ్ళు చల్లాడు. గోడ మీదుగా ఎర్రటి నీళ్ళు కారాయి.

"అయ్యో, సున్నం పాడైపోయింది!" అంటూనే కోటేశ్వరమ్మ ఆగిపోయింది. కిటికీలోంచి గాలి వచ్చింది. చల్లగా, మట్టి వాసనతో. ఆమె నెత్తిమీద తడిగుడ్డ తీసేసి మంచం మీద కూర్చుంది. "మావైపు కాలవగట్టు మీద కూర్చున్నట్టుందే" అంది నెమ్మదిగా. తరవాత కళ్ళు మూసుకుని, నెలరోజులుగా పట్టని మధ్యాహ్నపు నిద్ర పదకొండింటికే పోయింది.

"ఎంతివ్వాలి?" అని గుసగుసగా అడిగింది సాయిప్రియ.

"ఇది అమ్మేది కాదు" అన్నాడు ప్రేమ్‌రాజ్ అంతకన్నా గుసగుసగా. "వేళ్ళు మావే. అల్లింది వాహెద్ తాత. నేనైతే ఉట్టి కూలీని."

వెళ్ళేటప్పుడు అతని చేతిలో గోంగూర పచ్చడి సీసా ఉంది.

*

మే రెండో వారంలో తనిఖీకి సాయిప్రియ ఒక్కతే వెళ్ళింది. వస్తున్నానని ప్రేమ్‌రాజ్‌కు చెప్పలేదు, సర్‌ప్రైజ్ ఇద్దామనుకుంది. బస్సు దిగి, చుట్టూ రంగు రాళ్ళ మధ్య పచ్చటి గీతలా కనిపించే ఆ గట్టు దగ్గరికి నడుస్తూ తనలో తనే నవ్వుకుంది.

పైగట్టు మలుపు తిరగగానే నవ్వు ఆగిపోయింది.

మనిషెత్తు గడ్డి ఉండాల్సిన చోట ఖాళీ. తవ్వి, మట్టి చదును చేసి, జానెడు పిలకలు గుచ్చి ఉన్నాయి. పిలకలు ఎండకు వాడిపోయి ఉన్నాయి. టేపు పెట్టింది. పదకొండు మీటర్లు. వంగి మట్టి చేతిలోకి తీసుకుంది. ఎర్రటి మట్టి. వాళ్ళ కిటికీ కింద గోడ మీద కారిన రంగు.

ఫోన్లో యాప్ అడుగుతోంది: వరుస చెక్కుచెదరకుండా ఉన్నదా? అవును. కాదు.

ఆమె ఏదీ నొక్కలేదు. మధ్యాహ్నం లాల్‌దర్వాజా దుకాణానికి వచ్చింది.

ప్రేమ్‌రాజ్ మొహం వెలిగిపోయింది. "అరె, చెప్పకుండ వచ్చిండ్రేంది! కూసోండ్రి..."

"మా కిటికీ తడికకి వేళ్ళు ఎక్కడివి?"

"మన గట్టువే!" అన్నాడు గర్వంగా. "బజారు వేళ్ళు పాతయి, వాసన పోయి ఉంటది. అమ్మకు కదా అని నేను, తాత పోయి తాజా వేళ్ళు తవ్వుకొచ్చినం."

"మట్టిని పట్టుకోవడానికి ప్రభుత్వం డబ్బులిస్తున్న వేళ్ళను తవ్వి, తనిఖీకి వచ్చే మనిషి ఇంట్లో కట్టారు. దీన్ని మా ఆఫీసులో ఏమంటారో తెలుసా? లంచం అంటారు."

దుకాణంలో వెదురు చీలుతున్న చప్పుడు ఆగింది.

"లంచమా?" ప్రేమ్‌రాజ్ లేచి నిలబడ్డాడు. "మేడం, లంచం ఇచ్చెటోడు పట్టపగలు ఆటో మీద కట్టుకొని, బస్తీ అంత చూడంగ తెస్తడా?"

"ఒప్పందంలో స్పష్టంగా ఉంది. గడ్డి పైన కోసుకోవచ్చు, ఐదేళ్ళు వేళ్ళు మాత్రం కదిలించకూడదు. మూడో పేజీ. చదివి వినిపించానని మీరే సంతకం పెట్టారు."

"నేను అన్నీ చదివిన."

"గట్ల ఉన్నదా బిడ్డా?" వైకుంఠం నెమ్మదిగా లేచాడు. "నాకు విన్నట్టు యాదికి లేదు. వట్టివేళ్ళంటే మాకు తవ్వుడే ఎరుక. మూడేండ్లకు తవ్వాలె, పిలకలు మళ్ళ నాటాలె. అదే దాని సాకుడు. ఆ పూటనే నాటిన. తప్పని తెల్వది."

"ఇది రాస్తే ఒప్పందం రద్దవచ్చు తాతగారూ" అంది సాయిప్రియ. "ఇచ్చిన డబ్బు వెనక్కి కట్టమంటారు. భూమి..."

ముసలాయన ఆమె మాట పూర్తి కానివ్వలేదు. "ఉన్నది ఉన్నట్టే రాయి బిడ్డా. నా కోసం నువ్వు అబద్ధం రాస్తే, ఆ చెల్కల నేనెట్ల నిలబడుత?"

మర్నాడు ఉదయం తడిక ఆటోలో వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది. "నా నిద్ర ఎవరికి అడ్డమే?" అని కోటేశ్వరమ్మ మెట్లదాకా వెంటపడింది. సాయిప్రియ ఆటో ఎక్కింది. దుకాణంలో తడికను గోడకు ఆనించి, ప్రేమ్‌రాజ్ వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

*

రిపోర్టులో షరతు నంబరు వెయ్యడానికి ఆఫీసులో ఆమె ఫైలు తెరిచింది. మొదటి పేజీ, కింద కుడి నుంచి ఎడమకు వైకుంఠం. రెండో పేజీ, వైకుంఠం. మూడో పేజీ, ఖాళీ. నాలుగో పేజీ, వైకుంఠం.

ఆమె మళ్ళీ చూసింది. పేజీ తిప్పి వెనక కూడా చూసింది.

విన్న పేజీ మీదే పెట్టమని చెప్పింది తనే. ముసలాయన అలాగే పెట్టాడు. ఆయన వినని పేజీ ఇది ఒక్కటే. ఫైలు అట్ట మీద, "అన్ని పేజీలు సరిచూశాను" అన్న గడిలో టిక్కు ఉంది. ఆ టిక్కు తనది.

ఫోన్ తీసి ప్రేమ్‌రాజ్ నంబరు నొక్కింది.

"మూడో పేజీ మీద తాతగారి సంతకం లేదు" అంది.

"అంటే... నేను?" అన్నాడు ప్రేమ్‌రాజ్.

"రెండు కాగితాలు కలిపి తిప్పారు."

"మరి మీరు ఎదురుంగనే ఉన్నరు కదా. చూడలేదా?"

"చూడలేదు."

"ఎందుకు?"

"మీరెందుకు కలిపి తిప్పారు?"

ఇద్దరి దగ్గరా జవాబు ఉంది. ఇద్దరూ చెప్పలేదు. "లంచం అన్నందుకు సారీ" అని మాత్రం చెప్పి ఆమె పెట్టేసింది.

ఆ సాయంత్రం రిపోర్టును పై అధికారి విమలాదేవి చదివి, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చింది.

"పదకొండు మీటర్లు తవ్వారు. అదే రోజు తిరిగి నాటారు. ఇంతవరకు బాగుంది. ఆ తరవాత ఏం రాశావో చూడు: మూడో పేజీ చదవలేదు, అది చూసుకోకపోవడం నా తప్పు. ఆ వేళ్ళతో చేసిన తడిక నేను తీసుకున్నాను, తిరిగి ఇచ్చేశాను. ఏంటమ్మా ఇది? నీ మీద నువ్వే రాసుకున్నావు. కాంట్రాక్టు ఉద్యోగం నీది, గుర్తుందా?"

"గుర్తుంది మేడం."

"వాళ్ళేమవుతారు నీకు?"

"ఏమీ కారు మేడం."

విమలాదేవి ఆమెను ఒక క్షణం ఎక్కువ చూసింది. "ఎండిపోయిన చోట కొత్తగా నాటుకోవడానికి జూన్ ఆఖరు దాకా గడువిస్తాం. తవ్వినదానికి అది వర్తిస్తుందో లేదో నేనే వచ్చి చూస్తాను. పిలకలు బతికితే మాట్లాడదాం. చస్తే రద్దు."

ఆ మాట లాల్‌దర్వాజాకు చేరిన మర్నాటి నుంచి ప్రేమ్‌రాజ్ బండికి అటొకటి ఇటొకటి నీళ్ళ క్యాన్లు వేలాడాయి. రోజు విడిచి రోజు, తెల్లవారుతూనే కందుకూరు దాటి వెళ్ళి, ఒక్కో పిలకకు ఒక్కో చెంబు. కూలర్లకు మంచి సీజను. ఫలక్‌నుమా షాపు పది దాటాక తెరుచుకునేది. కస్టమర్లు అరిచేవాళ్ళు. వాహెద్ పాత గోనె సంచులన్నీ ఇచ్చాడు, తడిపి మొదళ్ళ దగ్గర పరచమని. "దుల్హన్‌కు పరదా కట్టినట్టు కట్టు రా, ఎండ చూడొద్దు" అని చెప్పాడు. ప్రేమ్‌రాజ్ అలాగే కట్టాడు.

తిరిగి వచ్చాక దుకాణం గోడకు ఉన్న తడికకు కూడా నీళ్ళు చల్లేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

*

జూన్ మూడో వారంలో రెండు రోజులు కుండపోతగా కురిసి తెరిపిచ్చింది. విమలాదేవి జీపు గట్టు దగ్గర ఆగే సరికి వైకుంఠం తుంపరలో గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక ప్రేమ్‌రాజ్. జీపులోంచి సాయిప్రియ దిగింది. ఆరు వారాల తరవాత చూసుకోవడం. అతను నల్లబడ్డాడు. ఆమె చిక్కింది. ఇద్దరూ టేపు వైపు చూశారు.

విమలాదేవి పైగట్టు వెంట నడిచింది. పక్క ప్లాట్లలో రంగు రాళ్ళ చుట్టూ మట్టి కోసుకుపోయి గండ్లు పడ్డాయి. ఈ గట్టుకు ఎగువన మాత్రం జారివచ్చిన ఎర్రమట్టి మెత్తగా, చాపలా పరుచుకుని ఉంది. పదకొండు మీటర్ల దగ్గర ఆమె కూర్చుంది. గోనె పీలికల మధ్యలోంచి మోకాలెత్తు పచ్చటి పోచలు. ఒక పిలకను పట్టి మెల్లగా లాగింది. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగింది. రాలేదు.

"ఎన్ని చచ్చాయి?"

"అరవై ఆరింటిల నాలుగు మేడం" అన్నాడు ప్రేమ్‌రాజ్. "వాటి జాగల కొత్తవి పెట్టిన."

"నీళ్ళు ఎవరు పోశారు?"

"మనవడు" అన్నాడు వైకుంఠం. "రోజు తప్పి రోజు. ఇంత పొద్దుగాల వాడు నా కోసం ఎన్నడూ లేవలే."

విమలాదేవి లేచి చేతులు దులుపుకుంది. "ఈ ఏడాది పదకొండు మీటర్లకు డబ్బు రాదు. మిగతాదానికి వస్తుంది. ఒప్పందం ఉంటుంది."

వైకుంఠం గొడుగు ముడిచేశాడు. చినుకు మొహం మీద పడనిచ్చాడు.

"ఆగండి, కాలేదు. సాయిప్రియా, నీకు మెమో ఇస్తున్నాను. ఇంకోసారి ఇలా జరిగితే కాంట్రాక్టు ఉండదు. ఈ ఫైలు కూడా నీ దగ్గరుండదు, రశ్మికి ఇస్తున్నాను. ఈ కుటుంబంతో ఇక నీకు ఆఫీసు పని ఏమీ లేదు. అర్థమైందా?"

"అర్థమైంది మేడం." సాయిప్రియ తల వంచుకుంది. అర్థం కావడానికి ఇంకొంచెం టైము పట్టింది. అయ్యాక తలెత్తింది.

"ఇప్పుడు ఆ మూడో పేజీ చదివించండి, నా ముందు."

జీపు బానెట్ మీద ఫైలు పరిచారు. ప్రేమ్‌రాజ్ చదవడం మొదలుపెట్టాడు. మళ్ళీ జల్లు. సాయిప్రియ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటోంది.

"వేళ్ళను... వేళ్ళను ఐదు సంవత్సరముల వరకు..."

"ఏం రా, ఆగినవ్?" అన్నాడు వైకుంఠం. "చూపు కాగితం మీద పెట్టు. పోయినసారి గిట్లనే చదివితివి."

డ్రైవరు నవ్వాడు. విమలాదేవి దగ్గింది. ప్రేమ్‌రాజ్ చెవులదాకా ఎర్రబడి పేజీ చివరిదాకా ఊపిరి తీసుకోకుండా చదివేశాడు. వైకుంఠం కుడి నుంచి ఎడమకు, తీరిగ్గా సంతకం పెట్టాడు.

"పెద్దాయన్ని నేను లాల్‌దర్వాజాలో దింపుతాను" అంది విమలాదేవి జీపెక్కుతూ. "సాయిప్రియా, నువ్వు ఎలాగోలా వచ్చెయ్. జీపులో చోటు లేదు."

వెనక సీటంతా ఖాళీగా ఉంది. డ్రైవరు దానివైపు ఒకసారి చూసి బండి తిప్పాడు.

*

దారిలో వాన పట్టుకుంది. ఒక టీకొట్టు రేకుల కింద బండి ఆపారు. రెండు గ్లాసులు. ఆవిరి.

"ఆరోజు రెండు కాగితాలు ఎందుకు కలిపి తిప్పారో చెప్పనే లేదు" అంది సాయిప్రియ.

"తాత చెప్పిండు కదా."

"మీరు చెప్పండి."

ప్రేమ్‌రాజ్ గ్లాసులోకి చూశాడు. "నువ్వు అద్దాలు తీసినవ్. నేను నిన్ను చూస్తున్న. చేతిల కాగితం ఉన్నదని మర్సిపోయిన. ఇప్పుడు నువ్వు చెప్పు. ఎదురుంగ కూసోని ఎందుకు చూడలే?"

"అద్దాలు లేకపోతే నాకు కాగితాలు కనపడవు."

"మరి వినపడతది కదా. ఒక పేజీ ఎగిరిపోయిందని తెల్వలేదా?"

"వింటూనే ఉన్నాను. అందుకే తెలియలేదు." ఆమె టీ గ్లాసును రెండు చేతులా పట్టుకుంది. "గొంతే విన్నాను. ఒక్క మాట కూడా వినలేదు. ఇది రిపోర్టులో మాత్రం రాయలేదు."

"రాయాల్సింది" అన్నాడు ప్రేమ్‌రాజ్. "ఉన్నది ఉన్నట్టు రాసే మనిషివి కదా."

"ఇప్పుడు చెప్పాగా, నీకు."

నీకు అన్న మాటను ఈసారి ఇద్దరూ విన్నారు. వినన‌ట్టు ఎవరూ ఊరుకోలేదు.

*

తరవాతి ఆదివారం కోటేశ్వరమ్మ దుకాణానికి తనే వచ్చింది, ఒక చేత్తో కూతురు, ఒక చేత్తో గోంగూర పచ్చడి సీసా పట్టుకుని.

"నా తడిక ఏదండీ బాబాయిగారూ?"

"వానకాలంల తడికతోని ఏం జేస్తవమ్మా?" అన్నాడు వైకుంఠం.

"వేసవి మళ్ళీ రాదా ఏంటి? మా పిల్ల నిజాయితీకి నా నిద్ర పోయింది. ఇప్పుడా ఫైలు దీని దగ్గర లేదటగా. నా తడిక నాకిచ్చెయ్యండి."

"తీస్కపో తల్లీ. ఇగ నాలుగేండ్ల దాక మన గట్టు వేళ్ళతోని ఇంకోటి రాదు, మూడో పేజీల ఉన్నది. పైలంగ చూసుకో. కానీ దాన్ని కట్టెటోడు కూడ వెంట వస్తడు."

కోటేశ్వరమ్మ ప్రేమ్‌రాజ్‌ను తల నుంచి కాలిదాకా చూసింది, ఆరోజు తడికను చూసినట్టే. "కట్టేసి వెళ్ళిపోయే రకమా, ఉండే రకమా?"

"పాతుకునే రకం" అన్నాడు వైకుంఠం. "మీ పిల్ల ఆఫీసు మేడం లాగి చూసింది, రాలేదు."

"మా పిల్ల నాన్న వెంకట్రావుగారు రైల్వేలో చేస్తారు. ఆయనకు సెలవు రోజు చూసుకుని రండి. మాట్లాడుకుందాం." ఆమె సీసా బల్ల మీద పెట్టింది. "మీవాళ్ళు కారం ఎక్కువ తింటారట. ఇందులో రెండింతలు వేశాను."

"ముబారక్!" అని వాహెద్ మూలనుంచి అరిచి, కుండలోంచి ఐదు గ్లాసులు ముంచాడు.

ఆ మధ్యాహ్నం ఉప్పుగూడలో వాన లేదు, ఎండా లేదు. ప్రేమ్‌రాజ్ పడమటి కిటికీకి తడిక బిగించాడు. సాయిప్రియ చెంబుతో నీళ్ళు తెచ్చింది. అవసరం లేకపోయినా చల్లింది.

గోడకు కొత్తగా సున్నం వేసి ఉంది. ముగ్గురూ ఆ గోడ వైపే చూస్తూ నిలబడ్డారు. నెలన్నర పాటు ఒకడు నీళ్ళు చల్లి కడుగుతూ వచ్చిన వేళ్ళు అవి. ఈసారి నీళ్ళు తేటగా కారాయి.